చంద్రికి పొగరన్నరు

పొద్దున లేస్తనే నా మొదటి పని లద్దె ఎత్తుడు. గంప సంకల పెట్టుకొని కొట్టంలకు పోతె చంద్రి చెవులు ముందలికి పెట్టి సన్నగ సకిలించేది. ఆ ఇంట్ల పొద్దుగాల నా మొకం జూసి సంతోషపడ్డ జీవం అదొక్కటే. ఆ దినం గూడ గట్లనే సకిలించింది. వాకిట్ల పండ్లు తోముకుంటున్న మా అత్త లక్ష్మీనర్సమ్మ పుక్కిలించి ఉమ్మి, "గుర్రానికి పొగరు, దాన్ని సాకెటిదానికి ఇంకింత పొగరు. జోడి మంచిగ కుదిరింది" అన్నది.

చంద్రి మా ఇంటికొచ్చి నెలన్నరనే అయింది. నాకు పొగరన్న పేరు పడి మాత్రం మూడేండ్లు.

నా పెనిమిటి భూమేశ్వర్‌కు ముందుగాల టాంగా ఉండేది. ఆర్మూర్ బస్టాండ్ కాడ నిలపెట్టుకొని పెర్కిట్, మామిడిపల్లి పోయెటోళ్లను ఎక్కించుకునేటోడు. లగ్గమైన కొత్తల నన్ను గూడ పక్కన కూసోపెట్టుకొని సినిమాకు తీస్కపోయిండు. ఎనబై ఆరుల ఆటోలు దిగినయ్. రెండేండ్లకు టాంగా మొకం జూసెటోడు లేకుంటయిండు. ముసలి గుర్రం ఆ వానకాలం చచ్చిపోయింది. భూమేశ్వర్ నెల దినాలు అన్నం సరిగ తినలె. అటెన్క ఏమనుకున్నడో, చలికాలం మాలేగాం జాతరకు పోయి తెల్లటి ఆడగుర్రాన్ని పట్టుకొచ్చిండు. పెండ్లికొడుకులు బారాత్‌ల ఎక్కెటందుకు. మా చుట్టుముట్టు అన్ని పసుపు పండే ఊర్లు. యార్డుల పసుపు అమ్ముడుపోయిందంటె ఇగ లగ్గాలే లగ్గాలు. పెద్దింటోళ్లు జీపుల కంటె గుర్రమే కావాలంటరు. "మనకిగ ఫికర్ లేదు గంగామణీ" అన్నడు. వాని మొకంల నవ్వు జూసి నేను గూడ నవ్విన.

ఆ నవ్వు వారం గూడ ఉండలె. జీను పట్టుకొని దగ్గరికి పోతెనే చంద్రి చెవులు ఎనుకకు మడిచేది. జీను ఏసి కడుపు కింది పట్టీ బిగిస్తె తల తిప్పి కరవొచ్చేది. ఎవ్వలన్న ఎక్కితె వీపు కిందికి కుంగేది, నాలుగడుగులేసి ఎనుక కాళ్లు ఎగిరేసేది. జక్రాన్‌పల్లిల మొదటి బారాత్. పెండ్లికొడుకు పందిరి గుంజ మీద పడ్డడు, తలపాగ మురికి కాల్వల పడ్డది. మంది ముందట మామలు, బావలు భూమేశ్వర్‌ను పట్టుకొని తిట్టిండ్రు. ఇంటికొచ్చి చంద్రిని గుంజకు కట్టేసి కమ్చితోని కొట్టిండు. అది ఒర్రలె. చెమటలు కార్చుకుంట నిలబడ్డది. నేను అడ్డం పోతె నన్ను గూడ ఒక్కటేసిండు, చూస్కోకుంట తాకింది అన్నడు.

ఇగ ఎవ్వల మాట వాళ్లది. పాత టాంగా రాజం మామ వచ్చి, బ్యాండు సప్పుడుకు బెదురుతున్నది, అలవాటు చెయ్యిరి అన్నడు. మా అత్తకు గుర్రం సంగతి ఏం తెల్వకున్నా తెల్సినట్టే చెప్పింది. "కొత్త కోడలసుంటిదిరా అది. ఒంగాలంటె టైం పడ్తది. జర తిండి తగ్గించు, నాలుగు తగిలియ్యి, దారికొస్తది." భూమేశ్వర్‌కు ఆ మాటనే నచ్చింది. "పొగరు. తిండెక్కువైన పొగరు" అన్నడు. పూటకు తవ్వెడు ఉలవలు పెట్టేదాన్ని, సగం చేయించిండు.

నేను చాట ముందటేసుకొని తునికాకు కత్తిరించుకుంట ఇదంత వింటున్న. దినానికి వెయ్యి బీడీలు చెయ్యాలె. చెయ్యి దాని పని అది చేస్తది గని మనసుకు పని ఉండదు. అది ఎక్కడెక్కడికో పోతది. రెండో బిడ్డ పుట్టి ఇరవై దినాలు గాలె, అప్పుడు పసుపు ఉడకపెట్టే సీజను. కైకిలి చేసే కూలోళ్లు దొరుకుత లేరని మా అత్త నన్ను ఎంట తోల్కపోయింది. ఉడికిన పసుపు గంపలు, ఆవిరి కక్కుకుంట, నీళ్లు కార్చుకుంట. నాలుగో దినం గంప ఎత్తంగనే కడుపుల ఏదో జారింది. ఆనాటి సంది నిలబడితె నడుం గుంజుతది. దగ్గినా, బరువెత్తినా లోపలిది కిందికి దిగుతది, ఒక్కోపాలి బయటికే వస్తది, నేనే చేతితోని సర్దుకుంట. ఈ ముచ్చట ఎవ్వలికి చెప్తం? మా అత్తకు చెప్పిన. "నేను ఏడుగురిని కన్న. నాకు రాని నొప్పి నీకెట్లొచ్చింది?" అన్నది. రాత్రి భూమేశ్వర్ నా మీద చెయ్యేస్తె నా పానం ముడుసుకునేది, ఇటు తిరిగి పండుకునేదాన్ని. నొస్తున్నదయ్యా అన్న. ఒకసారి అన్న, రెండుసార్లన్న. "మొగడంటె లెక్క లేదు. పొగరు" అన్నడు. అదే మాట. ఇంటిల్లిపాది అంటుంటె అంటుంటె కొన్నొద్దులకు నాకు గూడ అనిపించేది, నిజంగ నాకు నొప్పి ఉన్నదా, నేనే మనసుల పుట్టించుకుంటున్ననా అని.

చంద్రి సంగతి మాత్రం నాకు అట్ల అనిపియ్యలె. మేత పెట్టేటప్పుడు, కడిగేటప్పుడు అది పసిపిల్ల కంటె నయం. నా పైట కొంగు నోట్ల పెట్టుకొని ఆడేది. గంత మంచిది జీను కనవడితె ఎందుకు మారిపోతది? బెదురా, మొండితనమా, నొప్పా? ఎవ్వలు అడుగుత లేరు, నేనే తేల్చుకోవాలె అనుకున్న. బీడీ కార్ఖానాకు పోయొచ్చే టైంల, అత్త పండుకున్న టైంల.

బ్యాండోళ్లు మా గల్లీ మొగలనే ఉంటరు, పొద్దు గుంకక ముందు వాయించి చూసుకుంటరు. జీను లేకుంట ఉత్త తాడుతోని చంద్రిని అటు తీస్కపోయిన. డోలు మోగింది, బాకాలు మోగినయ్. అది ఒక్కపాలి తల ఎత్తి చూసి మళ్ల నా చేతిల గడ్డి అందుకున్నది. బెదురు గాదు. కళ్లెంతోని నోట్ల పుండు పడ్డదా అని వేలు పెట్టి నాలిక, పండ్లు చూసిన. మంచిగనే ఉన్నయ్. బరువు మొయ్యనంటదా అని తవుడు సంచి తెచ్చి నడుం మీద ఎనుకకు పెట్టిన. కదలలె. అదే సంచిని మెల్లగ ముందలికి జరుపుకుంట వచ్చిన. మెడ దిగి వీపు మొదలయ్యే కాడ ఎత్తు బొమిక ఉంటది, జూలు కింద. సంచి అక్కడికి రాంగనే చంద్రి వీపు కుంగింది, చెవులు ఎనుకకు పోయినయ్, తోలంత వణికింది. సంచి తీసేసి వేళ్లతోని ఒత్తుకుంట పోయిన. ఒక్క కాడ, గుప్పెడంత జాగల, తోలు వేడిగ ఉన్నది. అక్కడ వెంట్రుకలు గూడ వేరే తీరుగ మొలిచినయ్. నా వేలు తాకంగనే అది తల తిప్పి నా చెయ్యిని పండ్లతోని పట్టుకున్నది. కరవలె. పట్టుకున్నదంతే. వద్దు అన్నట్టు.

నాకు కండ్లల నీళ్లు తిరిగినయ్. నేను గూడ గట్లనే పట్టుకున్న గద వాని చెయ్యి.

రెండు దినాలకు భూమేశ్వర్ పని మీద నిజామాబాద్ పోయిండు. నేను చంద్రిని పట్టుకొని పశువుల దవాఖానకు నడిచిన. పసుపు యార్డు ముందటికెల్లి పోవాలె. హమాలీలు బస్తాలు దించుకుంట, "వదినే, గుర్రమొచ్చింది, పెండ్లికొడుకేడి?" అని నవ్విండ్రు. తల వంచుకొని పోయిన. డాక్టర్ బాబురావు సాబ్ నడీడు మనిషి. గుర్రాన్ని జూడకముందు నన్ను అడుగుడు మొదలుపెట్టిండు. ఎప్పటి సంది? ఎక్కెటప్పుడా, ఎక్కినంకనా? తిండి తింటున్నదా? ఏ జాగల ముట్టుకుంటె ఊకుంటది, ఏ జాగల ఊకుంట లేదు? నేను బ్యాండు సంగతి, తవుడు సంచి సంగతి అన్ని చెప్పిన. ఆయన నా దిక్కు చూసిండు.

"ఎవ్వలు నేర్పిండ్రమ్మా నీకు గిట్ల చూసుడు?"

"ఎవ్వలు నేర్పలె సార్. దినాం దానితోనే ఉంట గద."

అక్కడ వెంట్రుకలు గొరిగి సూది పొడిస్తె చీము చిమ్మింది. "పాత పుండు. పైన మాన్పి, వెంట్రుకలు మొలిచెదాంక ఆగి మీకు అమ్మిండ్రు. లోపల బొమిక దాక పోయింది. దీని మీద జీనేసి మనిషి కూసుంటె అది ఎట్ల ఊకుంటది? ఇది పొగరు గాదమ్మా, నొప్పి" అన్నడు.

నేను ఆ దవాఖాన గోడకు ఒరిగి ఏడ్చిన. ఎంత ఆపుకున్నా ఆగలె. ఆయన ఘాబరా పడి, "బతుకుతదమ్మా, నీ గుర్రం మంచిగైతది, ఏడ్వకు" అన్నడు. గుర్రం కోసమే ఏడుస్తున్న అనుకున్నడు. కోత కోసి చీము తీసిండు, ధనుర్వాతం సూది ఇచ్చిండు. ఆరు నెలలు జీను ఏయొద్దు, దినాం పుండు కడగాలె, నెలకు మళ్ల రెండో సూది తప్పకుంట ఏయించాలె, గుర్రాలకు ధనుర్వాతం జల్ది తాకుతది అని రెండుసార్లు చెప్పిండు.

భూమేశ్వర్ వచ్చినంక కాళ్లకు నీళ్లిచ్చి అన్ని చెప్పిన. నొప్పి అని తెల్సినంక ఇగ కొట్టడు, అయ్యో అంటడు అనుకున్న. వాడు ముందుగాల అడిగింది వేరే. "నువ్వు గుర్రాన్ని పట్టుకొని బజార్ల నడిచినవా? యార్డోళ్లంత నవ్వుతున్నరంట." అటెన్క, "ఆరు నెలలా? లగ్గాల సీజనంత కూసోపెట్టి మేపాల్నా?" అన్నడు. మా అత్త లోపలికెల్లి, "డాక్టర్లు గట్లనే చెప్తరు. నొప్పి అంటె నొప్పి, లేదంటె లేదు" అన్నది.

భూమేశ్వర్ మస్తు సేపు కొట్టంల నిలబడి చంద్రి మెడ నిమిరిండు. వానికి గుర్రమంటె పానం, అది అబద్ధం గాదు. పానం ఉండుడు వేరే, దాని నొప్పిని నమ్ముడు వేరే.

పదమూడు దినాలు నేను పుండు కడిగిన. వేపాకు కాచిన నీళ్లు, డాక్టర్ సాబ్ ఇచ్చిన మందు. ఐదారు దినాలకు చీము తగ్గింది. చంద్రి నుదురు నా ఎదకు ఆనిచ్చి కండ్లు మూసుకునేది. పద్నాలుగో దినం పొద్దుగాల భూమేశ్వర్ చెప్పిండు, మెండోరకెల్లి గంగారాం అని ఒకాయన గుర్రాన్ని కొనెటందుకు వస్తున్నడని. "పుండు మానలె" అన్న. "జూలు దాని మీదికి దువ్వు. మీద సున్నప్పొడి అద్దు. వాడు ఏమన్న అడిగితె ఏం లేదను. నోరు తెరిచినవనుకో, దాని ఎంబడే నువ్వు గూడ పో" అన్నడు. ఎక్కడికి పోత? మా అమ్మ లేదు. తమ్ముడు దుబాయ్‌ల ఉన్నడు, మరదలు ఒక్క పూట కంటె రెండో పూట ఉండనియ్యది.

జూలు నేనే దువ్విన. పొడి నేనే అద్దిన. నా చేతుల్తోనే.

గంగారాం మంచోని తీరుగ ఉన్నడు. చంద్రి చుట్టు తిరిగి చూసి, భూమేశ్వర్ చెప్పిందంత విన్నడు. అటెన్క దర్వాజ కాడ నిలబడ్డ నా దిక్కు తిరిగిండు. "మొగోళ్ల బేరం మాటలు నేను నమ్మ. చెల్లె, నువ్వు చెప్పు. దీన్ని సాకుతున్నది నువ్వే గద. దీనికి నొప్పి గిట్ల ఏమన్న ఉన్నదా?"

భూమేశ్వర్ నా దిక్కు చూస్తున్నడు. మా అత్త నా చిన్న బిడ్డను సంకల ఏసుకొని చూస్తున్నది. చంద్రి గూడ చూస్తున్నది.

"ఏం లేదన్నా" అన్న. ఆ ఒక్క మాటతోని ఆగినా మంచిగుండు. ఆగలె. "జర పొగరు, అంతే. నాలుగు దినాలు గట్టిగ వాడుకుంటె దారికొస్తది."

మా అత్త మాట, నా పెనిమిటి మాట, నా గొంతులకెల్లి ఎంత సక్కగ వచ్చిందో! ఎన్నేండ్ల సందో లోపల తయారుగ ఉన్నట్టు వచ్చింది. చంద్రి పోనని మొరాయించింది. గంగారాం ఎంట వచ్చినోడు కట్టెతోని ఒక్కటిచ్చిండు. నేను లోపలికి పోయి తలుపేసుకున్న. మా అత్త బయటికెల్లి, "పీడ వోయింది" అన్నది.

ఆకు కత్తిరిస్తుంటె వేలు తెగింది. రెండుసార్లు తెగింది. అన్నంల ఉప్పు మరిచిన, తిట్లు తిన్న. ఇరవై దినాలు గట్లనే గడిచినయ్. ఒక దినం బీడీలు అప్పజెప్పెటందుకు కార్ఖానాకు పోతె మెండోరకెల్లి చుట్టపుసూపుకు వచ్చినామె పక్క వరుసల ముచ్చట పెడ్తున్నది. "మా గల్లీల గంగారాం గుర్రం కొన్నడు. ఏం మొండిదో! దినాం కొడుతున్నడు, దినాం పడేస్తున్నది. మొన్నటి సంది తిండి గూడ ముట్టుత లేదు." నెల దాటింది అని యాదికొచ్చింది నాకు. రెండో సూది. ఎవ్వలు ఏయిస్తరు? వాళ్లకు తెల్వనే తెల్వదు.

తెల్లారి పిల్లలిద్దరికి అన్నం పెట్టి, పెద్దదాన్ని బడికి తోలి, చిన్నదాన్ని పక్కింటి భాగ్యవ్వ కాడ ఇడిచి, ఎవ్వలికి చెప్పకుంట బస్సెక్కిన. లగ్గమైన పదకొండేండ్లల ఒక్కదాన్ని బస్సెక్కుడు అదే మొదలు.

మెండోరల గంగారాం ఇల్లు అడుక్కుంట పోయేటాళ్లకు చంద్రి వాకిట్ల పడుకొని ఉన్నది. పడుకున్నది గాదు, పడిపోయింది. నాలుగు కాళ్లు కట్టెల్లెక్క చాపుకొని, మెడ బిర్రుగ ఎనుకకు గుంజుకొని. దవడలు గట్టిగ కరుసుకపోయినయ్. వీపు మీద జీను కింది పుండు పగిలి, మట్టి పట్టి, ఈగలు ముసిరినయ్. నా అడుగుల సప్పుడుకు దాని పానమంత ఝల్లుమని వణికింది. గంగారాం పెండ్లాం ముత్తెమ్మ దాని మొకం మీద తడిబట్ట ఏస్తున్నది. "డాక్టర్ కోసం పోయిండు మా ఆయన. నువ్వెవ్వలక్కా?" అన్నది.

"దీన్ని అమ్మినోళ్ల ఇంటిదాన్ని" అన్న. అటెన్క నిలబడ్డ కాన్నే అంత చెప్పిన. పాత పుండు ముచ్చట, డాక్టర్ చెప్పింది, పొడి అద్దింది, నేనాడిన అబద్ధం. తిడ్తది, కొడ్తది అనుకున్న. ముత్తెమ్మ తడిబట్ట చేతిల పట్టుకొని అట్లనే కూసున్నది.

"ఆ దినం ఇంటికొచ్చి మా ఆయన ఏమన్నడో తెల్సా అక్కా? ఆ మొగోడు అబద్ధమాడిండో ఏమో గని ఆమె ఆడ్తదా, దినాం దాని ఒళ్లు కడిగే మనిషి అన్నడు." తడిబట్ట మళ్ల దాని మొకం మీద ఏసుకుంట, "ఎందుకు చెప్పినవ్ గట్ల?" అని అడిగింది.

"భయమైంది."

"ఇప్పుడు గాలేదా?"

"ఇప్పుడు గూడ అయితుంది" అన్న.

చంద్రి తల కాడ కూసున్న. చెయ్యి తాకితె వణుకుతున్నది, తాకకుంట ఉండబుద్ధి అయిత లేదు. "నొప్పే బిడ్డా, నీకు నొప్పే, నాకు తెల్సు" అని చెవుల చెప్పిన. అదే మాట మళ్ల మళ్ల చెప్పిన. విన్నదో లేదో. గంగారాం డాక్టర్‌ను తీస్కొని వచ్చేటాళ్లకు పొద్దు నడినెత్తికొచ్చింది, చంద్రి ఊపిరి ఆగింది. గంగారాంకు గూడ నా నోటితోనే చెప్పిన. "చెల్లె అని అడిగిన గద నిన్ను" అన్నడు. కమ్చి దెబ్బ నేను తిన్న, గంప బరువు మోసిన, అన్ని ఓర్సుకున్న. ఆ మాట మాత్రం ఇప్పటికీ ఓర్సుకోలేక పోతున్న.

చంద్రిని పెట్టెటందుకు చెల్క గట్టు మీద గుంత తవ్విండ్రు. నేను గూడ మట్టి ఎత్తి పోసిన. మూడో గంపకు నడుంల మెరుపు కొట్టినట్టయింది, అక్కడనే కూలబడ్డ. ముత్తెమ్మ ఉరికొచ్చి నా సంకల చెయ్యేసి లేపింది. "ఏమైందక్కా, ఏడ నొస్తుంది?" అన్నది. ఏం లేదు అనబోయిన. నోట్లకెల్లి రాలె. ఏం లేదు అని ఒకపాలి అంటె ఏమైందో ఎదురుంగ మట్టిల కనవడుతున్నది.

బస్సు ఎక్కెటప్పుడు ఆర్మూర్‌కే టికెట్ తీసుకున్న. అద్దం కాడ కూసొని, ఇంటికి పోయినంక వాడు ఏమంటడో, నేనేం చెప్తనో అనుకుంట వచ్చిన. నిజమే చెప్త. చంద్రిని మనం చంపినం అని చెప్త. బిడ్డలను పొద్దుగూకే దాంక భాగ్యవ్వ చూస్తది. పెర్కిట్ దాటింది. ఆర్మూర్ బస్టాండ్ వచ్చింది. మంది దిగిండ్రు, ఎక్కిండ్రు. నేను లేవలె.

కండక్టర్ వచ్చి, "ఏందమ్మా, నీది ఆర్మూరే గద, దిగలేదేంది?" అన్నడు.

"నిజామాబాద్‌కు ఇంకో టికెట్ ఇయ్యన్నా. పెద్ద దవాఖాన కాడికి పోవాలె."

ఆయన టికెట్ చింపుకుంట, ఊకెనే అడిగినట్టు, "ఎవ్వలికి బాగలేదు?" అన్నడు.

"నాకు" అన్న.